స్కాన్‌కు అంత తేలిగ్గా చిక్కని స్ట్రోక్

1895లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ ఒక రోగిని పరీక్షించి, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో ఫలానా చోట ఫలానా రక్తనాళం మూసుకుపోయి ఉంటుందని రాశాడు. తల తిరగడం, మింగలేకపోవడం, ముఖానికి ఒక పక్క, ఒంటికి రెండో పక్క స్పర్శలో తేడా... ఆయనకున్న ఆధారాలు ఇవే. శవపరీక్ష ఫలితం 1901లో అచ్చయింది. ఆయన చెప్పిన చోటే దెబ్బ ఉంది.

1971 అక్టోబర్‌లో లండన్‌లో ఇంజినీర్ హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన, ఎక్స్‌రేలతో లోపలి చిత్రాలు తీసే సీటీ యంత్రంతో తొలిసారి ఒక రోగి మెదడును చూశారు. అయితే ఆ కొత్త వెలుగులో మెదడు కాండానికి దక్కిన వాటా తక్కువే. దానికి రెండు పక్కలా లోపలి చెవిని దాచుకున్న దట్టమైన ఎముకలు ఉంటాయి. ఎక్స్‌రేలు వాటిని దాటి వచ్చేసరికి సరిగ్గా కాండం మీదే చారలు పడతాయి. రక్తస్రావమైతే సీటీ సాధారణంగా పట్టేస్తుంది. రక్తం అందక దెబ్బతింటున్న భాగాన్ని మాత్రం తొలి గంటల్లో అక్కడ పట్టడం కష్టం. అందుకే ‘సీటీ నార్మల్’ అనగానే టెన్షన్ తీరిపోయిందనుకోవడం తొందరపాటే.

ఎక్స్‌రేలకు బదులు అయస్కాంతంతో చిత్రాలు తీసే ఎంఆర్‌ఐకి ఆ ఎముకల బెడద లేదు. పైగా 1990లో పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, రక్తం ఆగిన కాసేపటికే మెదడులో నీటి కదలిక మందగించడం, ఆ కదలికను చూపే ‘డిఫ్యూజన్’ ఎంఆర్‌ఐ చిత్రాల్లో కనిపించింది. స్ట్రోక్ గుర్తింపులో ఇది పెద్ద మలుపు. కానీ 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం కొంత ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. ఆగకుండా తల తిరుగుతూ వచ్చిన, స్ట్రోక్ ముప్పున్న 101 మందిని పరిశీలిస్తే, స్ట్రోక్ ఉన్నవారిలో 12 శాతం మందికి మొదటి ఎంఆర్‌ఐ మామూలుగానే వచ్చింది. ఆ స్కాన్లన్నీ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు తీసినవే. మంచం పక్కనే కంటి కదలికలను చూసి చేసే మూడు పరీక్షలు అంతకంటే బాగా పట్టాయి. శిక్షణ ఉన్న చేతుల్లో మాత్రమేనన్నది మరవకూడదు. అయినా వాలెన్‌బర్గ్ చూసి ఉంటే చిన్నగా నవ్వుకునేవాడేమో.

మరి ఇమేజింగ్ కోసం అంత ఆరాటం ఎందుకు? కాండానికి రక్తమిచ్చే బాసిలార్ ధమని మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. రోగికి స్పృహ ఉండి, కళ్లు తప్ప ఏదీ కదపలేని స్థితి కూడా రావచ్చు. రక్తపు గడ్డను తీగతో లాగేసే చికిత్స ఈ ధమనిలో పనిచేస్తుందా అన్నది చాలాకాలం తేలలేదు. చైనాలో జరిగి, 2022లో ఫలితాలు వెలువడిన రెండు ట్రయల్స్, అటెన్షన్, బావోచే, ప్రయోజనం ఉందని చూపించాయి. దాంతో, అనుమానం ఉన్న రోగికి ఉత్త సీటీతో సరిపెట్టకుండా మెడ నుంచి తల దాకా రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ కూడా వెంటనే తీయడానికి బలమైన కారణం దొరికింది.