మోడల్ యుద్ధనౌకల గ్యాస్ గన్‌లు: అపోహలు - వాస్తవాలు

చెరువులో రిమోట్‌తో నడుపుతూ, సీఓ2 గ్యాస్‌తో చిన్న స్టీల్ బాల్స్ పేల్చి ఒకదాన్నొకటి ముంచుకునే మోడల్ యుద్ధనౌకలు ట్యూనింగ్ కోసం నా దగ్గరికి వస్తుంటాయి. వాటన్నిటికీ ఇంచుమించు ఒకటే కంప్లైంట్, "గన్ వీక్‌గా ఉందండీ, రెగ్యులేటర్ కాస్త పెంచండి" అని. రెగ్యులేటర్ అంటే బాటిల్ నుంచి గన్‌కి వెళ్ళే గ్యాస్ ప్రెజర్‌ని తగ్గించి అదుపులో ఉంచేది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నా, వినేవాళ్ళు తక్కువ. అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ప్రెజర్ పెంచితే దెబ్బ గట్టిగా తగులుతుంది.

వాస్తవం: 1:144 స్కేల్ (అసలు నౌకలో 144వ వంతు) ఫాస్ట్ గన్ (వేగంగా వరసగా పేల్చే గన్‌ల తరగతి) పోటీల్లో ఎలాగూ గన్ ప్రెజర్ 150 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకూడదు. సరే, రూల్ పక్కన పెట్టండి, లెక్కే చూద్దాం. రాపిడీ లీకూ లేవనుకున్నా ప్రెజర్ డబుల్ చేస్తే బాల్ వేగం పెరిగేది 40 శాతం చిల్లర, గ్యాస్ మాత్రం డబుల్ తాగేస్తుంది. పోనీ ఆ వేగంతో చేసేదేముంది? ఎదుటి షిప్పు పక్క గోడ 1/32 అంగుళం బాల్సా (మెత్తటి తేలిక చెక్క), అంటే మిల్లీమీటరు కూడా లేదు, ఓ మాదిరి గన్ అయినా దాన్ని పొడిచేస్తుంది, రంధ్రం మాత్రం దాదాపు బాల్ సైజే పడుతుంది. షిప్పు మునిగేది వాటర్‌లైన్ కింద పడ్డ రంధ్రాల్లోంచి వచ్చే నీళ్ళని పంపు తోడలేకపోయినప్పుడు. అంటే కావాల్సింది బ్యారెల్ కిందికి వంచిన కోణం, షాట్ తర్వాత షాట్ ఒకేలా రావడం.

మరి వీక్ ఎందుకు అవుతుంది? నూటికి తొంభై కేసుల్లో జబ్బు అక్యుములేటర్‌కీ (షాట్‌కి కావాల్సిన గ్యాస్ నిలవుండే చిన్న గది) బ్రీచ్‌కీ (బ్యారెల్ వెనక బాల్ కూర్చునే చోటు) మధ్యే ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే ఏం లాభం, కుళాయి దగ్గర చెత్త అడ్డం పడితే ధార సన్నగానే వస్తుంది కదా. ఒకాయన బ్యాటిల్‌షిప్ తెచ్చాడు, వెనక టరెట్ పలకట్లేదని ప్రెజర్ పెంచుకుంటూ పోయాడు, చివరికి టెస్టులో హోస్ ఫిట్టింగ్ నుంచి ఊడి డెక్ కింద పాములా కొట్టుకుంది. విప్పి చూస్తే ఎల్బో (గ్యాస్ దారిలో వంపు జాయింటు) లోపల తెల్లటి టెఫ్లాన్ టేప్ పీలిక ఒకటి, గోరంత, గ్యాస్ దారికి అడ్డంగా అంటుకుని ఉంది. పట్టకారుతో లాగేసి ప్రెజర్ మళ్ళీ తగ్గించి పేలిస్తే శుభ్రంగా పలికింది.

కాబట్టి ముందు సర్వో (రిమోట్‌తో కదిలే చిన్న మోటారు) ఆర్మ్, గ్యాస్ వదిలే వాల్వ్ స్టెమ్‌ని పూర్తిగా నొక్కుతోందో లేదో చూడండి. జాయింట్లకి సబ్బునీళ్ళు రాయండి. తర్వాత బ్రీచ్‌లోని రబ్బరు ఓ-రింగ్. దాని పనేంటంటే వెనక ప్రెజర్ కూడేదాకా బాల్‌ని పట్టుకుని ఆపడం, అది అరిగితే బాల్ ముందే జారిపోయి "ఠప్" బదులు "ఫుస్" అంటుంది, అప్పుడు మీరు రెగ్యులేటర్ ఎంత తిప్పినా ఫుస్సే పెద్దదవుతుంది.

అపోహ: గేజ్ ఫుల్ చూపిస్తే బాటిల్ ఫుల్.

కాదు. లోపల సీఓ2 ద్రవంగా ఉన్నంతసేపు గేజ్ దాదాపు అక్కడే నిలబడుతుంది, 20 డిగ్రీల దగ్గర 830 పీఎస్‌ఐ చుట్టుపక్కల. చివరి చుక్క ఆవిరయ్యాక టకటకా పడిపోతుంది, అదీ సరిగ్గా యుద్ధం మధ్యలో. తూకం వేసుకోండి, వేరే దారి లేదు. వరసగా పేలిస్తే బాటిల్ చల్లబడి ప్రెజర్ తగ్గుతుంది, దాన్ని చూసి రెగ్యులేటర్ పాడైందని పీకేయకండి.

అపోహ: బ్యారెల్ పొడుగైతే పవర్ ఎక్కువ. అక్యుములేటర్‌లో గ్యాస్ ఉన్నంత వరకే. ఆ తర్వాత మిగిలిన పొడుగంతా రాపిడి.

అపోహ: ఆ బాటిల్ ఎప్పుడైనా పేలుతుంది.

ఇది ఎక్కువగా పిల్లల అమ్మానాన్నలు అడుగుతారు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, ఇంట్లో ఓ మూల సిలిండర్ ఉందంటే ఎవరికైనా గుబులే. బాటిల్‌కి బర్స్ట్ డిస్క్ అని ఉంటుంది, ప్రెజర్ హద్దు దాటితే బాటిల్ కంటే ముందు అది చిరిగి గ్యాస్ బయటికి వదిలేస్తుంది. ప్రమాదం ఎక్కడంటే తూకానికి మించి నింపించి ఎండలో కారులో వదిలేయడం, ప్రెజర్ టెస్ట్ గడువు అయిపోయిన బాటిల్ వాడటం, డిస్క్ తీసేసి బోల్టు బిగించడం. ఈ మూడూ చేయకండి. పడుకునే గదిలో, మూసి ఉన్న కారులో పెట్టకండి, మెల్లగా లీకైనా గాలాడని చోట సీఓ2 మనిషికి ప్రమాదం.

ఇక బొమ్మ షిప్పులే కదా అని కళ్ళద్దాలు లేకుండా గట్టు మీద నిలబడేవాళ్ళకి: స్టీల్ బాల్ నీటి మీద తగిలి పైకి లేస్తుంది, ఎటు వస్తుందో పేల్చినవాడికే తెలీదు. సేఫ్టీ గ్లాసెస్ లేనివాళ్ళు ఉండగా నేను గన్‌ని పేల్చడానికి సిద్ధం చేయను, చుట్టాలైనా సరే.