విశాఖ తీరాన లంగరేసిన ఓడలో ఎవరి పని ఏమిటి?

పిల్లలూ,

రాత్రి బీచ్ రోడ్డు మీద నిలబడితే సముద్రంలో వరసగా దీపాలు కనిపిస్తాయి కదా, ఆ ఓడల్లో మనుషులు ఉంటారా, ఉంటే నిద్రపోతుంటారా అని అడిగారు. ఉంటారు. అందరూ మాత్రం నిద్రపోరు. లంగరేసిన ఓడ ముందు భాగంలో ఒక తెల్లదీపం, వెనక దానికంటే కిందుగా ఇంకొకటి వెలగాలి. ఓడ పొడవు 100 మీటర్లు, ఆ పైన ఉంటే డెక్కు, అంటే ఓడ పైతలం, మీది దీపాలన్నీ కూడా వెలిగించాలి. అందుకే మీకు అది చిన్న ఊరిలా కనిపిస్తుంది. పగలైతే ముందు భాగంలో ఒక నల్లటి గుండు వేలాడుతుంది. ఆ దీపాలు వెలుగుతున్నాయా, గుండు ఎక్కించారా, ఓడ వేసిన చోటే ఉందా అని చూసేవాళ్లే డెక్కు డిపార్ట్‌మెంటు వాళ్లు.

బొగ్గు తెచ్చే ఒక పెద్ద బల్క్ క్యారియర్‌ని తీసుకుందాం. దాంట్లో మొత్తం ఇరవై, ఇరవై రెండు మంది ఉంటారు. కెప్టెన్‌తో కలిపి సగం మంది డెక్కు వాళ్లు. మిగతావాళ్లు ఇంజన్ రూములో, వంటశాలలో. కెప్టెన్ కింద ముగ్గురు ఆఫీసర్లు. చీఫ్ ఆఫీసర్‌ది సరుకు, ఓడ నిలకడ, డెక్కు మరమ్మతులు. సెకండ్ ఆఫీసర్‌ది దారి: ఏ రేవు నుంచి ఏ రేవుకు ఎలా వెళ్లాలో చార్టు మీద ముందే గీసి పెడతాడు. థర్డ్ ఆఫీసర్ లైఫ్‌బోట్లు, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సామాను సరిగా ఉన్నాయో లేదో చూస్తాడు. వీళ్ల దగ్గర పని నేర్చుకుంటూ ఒకరిద్దరు కేడెట్లు ఉంటారు. ఆఫీసర్ల తర్వాత బోసన్, అతని కింద ముగ్గురు ఏబీలు, ఇద్దరు ఓఎస్‌లు. ఏబీ అంటే పని బాగా వచ్చిన నావికుడు, ఓఎస్ అంటే ఇంకా నేర్చుకుంటున్నవాడు.

ఈ పేర్లు మీకు కొత్తేమో గానీ పాత పేర్లు మనకు తెలిసినవే. భారతీయ నావికులున్న ఓడల్లో బోసన్ని సరంగు అనేవారు. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. సరంగుకు సాయంగా ఉండేవాడు టిండల్. శ్రీకాకుళం బెస్తవాళ్లు పడవ పెద్దని పిలిచే తండేలు, ఇదీ ఒకే మాట. చుక్కాని చక్రం పట్టేవాడు సుకానీ, మిగతావాళ్లు కళాసీలు.

వీళ్ల పనుల్లో ఒక్క పద్ధతి పట్టుకోండి, మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఓడ మీద ప్రమాదం ఉన్న ఏ పనినీ ఒక్కడి కంటికి వదిలెయ్యరు. చేసేవాడు ఒకడైతే, చూసేవాడు ఇంకొకడు. చెప్పిన మాటను విన్నవాడు తిరిగి పలకాలి.

ఓడ రేవులోకి వచ్చేటప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే పై గదిలో, ఇది బాగా కనిపిస్తుంది. రేవులోకి దారి చూపడానికి ఓడ ఎక్కే రేవు పైలట్ "స్టార్‌బోర్డ్ టెన్" అంటాడు. చుక్కానిని కుడివైపు పది డిగ్రీలు తిప్పమని. చక్రం పట్టిన ఏబీ ముందు "స్టార్‌బోర్డ్ టెన్" అని పలికి, అప్పుడు తిప్పుతాడు. చుక్కాని నిజంగా పది డిగ్రీలకు వచ్చిందని ఎదురుగా ఉన్న ముల్లు చూపించాక "వీల్ ఈజ్ స్టార్‌బోర్డ్ టెన్, సర్" అంటాడు. పక్కన నిలబడ్డ ఆఫీసర్ కూడా అదే ముల్లును చూస్తుంటాడు. ఎందుకింత? అలసిపోయిన మనిషి కుడి అని నోటితో పలికి చేత్తో ఎడమకు తిప్పగలడు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బర్‌కి వెళ్లే కాలువ ఇరుకు. అక్కడ ఆ పొరపాటు అర నిమిషంలోపే కంటపడాలి. పైలట్‌కి రేవు గురించి ఎంత తెలిసినా, ఓడ బాధ్యత కెప్టెన్‌దే.

ఇక లంగరు. దాన్ని అలా నీళ్లలో పడేస్తారని అనుకుంటారు చాలామంది. మనం అనుకున్న ఓడ లంగరు ఆరేడు టన్నులుంటుంది. దాని గొలుసును షాకిల్ లెక్కన కొలుస్తారు. ఒక షాకిల్ 27.5 మీటర్లు. ఒక షాకిల్ ఇంకో షాకిల్‌తో కలిసే చోట కడియానికి ఎర్ర రంగు, దానికి అటూ ఇటూ తెల్ల రంగు పూస్తారు, ఎన్ని బయటికి వెళ్లాయో లెక్క తప్పకుండా. 30 మీటర్ల లోతులో 6 షాకిల్స్ వదిలారనుకోండి, 165 మీటర్ల గొలుసు. అంత ఎందుకంటే, ఓడను పట్టి ఉంచేది లంగరు ఒక్కటే కాదు. అడుగున నేల మీద పరుచుకున్న గొలుసు బరువు వల్ల లాగుడు అడ్డంగా ఉంటుంది, అప్పుడే లంగరు కొక్కాలు నేలలో దిగి ఉంటాయి. గొలుసు తక్కువైతే లాగుడు పైకి పడి లంగరు ఊడి వస్తుంది.

లంగరు వేసేటప్పుడు ముక్కు భాగంలో చీఫ్ ఆఫీసర్, బోసన్, ఒక కళాసీ ఉంటారు. బోసన్ ముందు గొలుసు కట్లు విప్పి, అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ లేపి, గొలుసు లాగే యంత్రమైన విండ్‌లాస్‌కి గేరు వేసి లంగరును మెల్లగా నీళ్ల దాకా దించుతాడు. తర్వాత బ్రేకు బిగించి గేరు తీస్తాడు. బ్రిడ్జి నుంచి "లెట్ గో" వినగానే చీఫ్ ఆఫీసర్ అదే మాట పలుకుతాడు, బోసన్ బ్రేకు వదులుతాడు. గొలుసు పరుగెత్తుతుంటే ఎండిన బురద, తుప్పు పెచ్చులు ముఖం మీదికి కొడతాయి. అందుకే కళ్లద్దాలు లేకుండా విండ్‌లాస్ దగ్గర నిలబడకూడదు. చీఫ్ ఆఫీసర్ అంచు మీదుగా వంగి గొలుసు ఏ దిక్కుకు లాగుతోందో గడియారం లెక్కన చెబుతాడు: సూటిగా ముందుకైతే పన్నెండు గంటలు, కుడిపక్కకైతే మూడు గంటలు. ఒక్కో షాకిల్ దాటినప్పుడు గంట కొడతారు, రెండో షాకిల్‌కి రెండు, మూడోదానికి మూడు.

ఇందులో ఎక్కువగా జరిగే తప్పు తొందర. ఓడ ఇంకా వేగంగా కదులుతుండగా వదిలితే గొలుసు ఆగదు. బ్రేకు పట్టీ వేడెక్కి పొగలొస్తుంది, చివరికి గొలుసు కొస దాకా పరుగెత్తి గదిలోంచి పెరుక్కుని సముద్రంలో పోతుంది. అలాంటప్పుడు బ్రేకు దగ్గర నిలబడి వీరత్వం చూపించకూడదు, పక్కకు తప్పుకోవాలి. నీళ్లు బాగా లోతైతే బ్రేకు మీద వదలనే వదలరు, గేరులోనే నెమ్మదిగా దించుతారు.

లంగరు పడ్డాక కాపలా మొదలు. రోజును నాలుగేసి గంటల ముక్కలు చేసి, పొద్దున, రాత్రి కూడా ఎనిమిది నుంచి పన్నెండు థర్డ్ ఆఫీసర్, పన్నెండు నుంచి నాలుగు సెకండ్ ఆఫీసర్, నాలుగు నుంచి ఎనిమిది చీఫ్ ఆఫీసర్ చూస్తారు. చాలా ఓడల్లో ఇదే వాడుక. రాత్రిపూట ఆఫీసర్‌తో పాటు చూపు కాయడానికి ఒక ఏబీ ఉండి తీరాలి. వెలుతురు గదిలోంచి వచ్చినవాడి కళ్లకు చీకటి అలవాటు పడ్డాకే పాతవాడు కాపలా అప్పగించి వెళ్లాలి. బ్రిడ్జి మీద ఒక అలారం ఉంటుంది: 3 నుంచి 12 నిమిషాల మధ్య ఎంత పెడితే అంతసేపటికోసారి బటన్ నొక్కాలి. నొక్కకపోతే ముందు దీపం వెలుగుతుంది, తర్వాత అక్కడే మోగుతుంది, అప్పటికీ నొక్కకపోతే కెప్టెన్ గదిలోనో ఇంకో ఆఫీసర్ గదిలోనో మోగుతుంది. నిద్ర మాటకొస్తే, ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నియమం.

గాలి పెరిగిందా, లంగరు జారుతోందేమోనని కనిపెట్టాలి. మామూలుగా లంగరేసిన ఓడ ముక్కు గాలికి ఎదురుగా తిరుగుతుంది. గాలి పక్కనుంచి కొడుతూ ఉండిపోతే, గొలుసు మీద చెయ్యి పెడితే గరగరమని అదురు తగిలితే, ఒడ్డున గుర్తు పెట్టుకున్న దీపస్తంభం దిక్కు మారుతుంటే జారుతున్నట్టే. కాపలాలో ఉన్నవాడు తనే తేల్చుకుందామని ఆగకూడదు, వెంటనే కెప్టెన్ని లేపి ఇంజన్ సిద్ధం చేయమనాలి.

రేవు గట్టుకు ఓడను కట్టే మోకుల గురించి మీకు ఇంకా గట్టిగా చెప్పాలి. ఓడ మీద ఎక్కువ మంది కాళ్లు, చేతులు, ప్రాణాలు పోయేది అక్కడే. ముందు చీఫ్ ఆఫీసర్, వెనక సెకండ్ ఆఫీసర్, థర్డ్ ఆఫీసర్ బ్రిడ్జి మీద కెప్టెన్ దగ్గర. సన్న తాడు గట్టు మీదికి విసిరి, దాని కొసకు కట్టిన పెద్ద మోకును గట్టు మీదివాళ్లు లాక్కుని గుంజకు తగిలిస్తారు. నైలాన్ మోకు లాగితే సాగుతుంది. సాగినదంతా శక్తి. తెగితే ఆ శక్తి అంతా కొరడాలా వెనక్కి వస్తుంది, కంటికి కనపడేంత టైము కూడా ఇవ్వదు. ఇదివరకు ఆ దెబ్బ తగిలే చోట్లు డెక్కు మీద రంగు గీసి చూపించేవారు. మోకు ఎటు మలుపు తిరిగి వస్తుందో చెప్పలేం కాబట్టి ఇప్పుడు మోకులున్న డెక్కంతా ప్రమాద స్థలమే అనుకోమంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. గీత బయట ఉన్నానన్న ధైర్యం మంచిది కాదు. మోకు చుట్టలో కాలు పెట్టకూడదు, పెట్టినవాణ్ణి చూసి ఊరుకోకూడదు.

మోకును చుట్టి లాగే యంత్రమైన వించికి బ్రేకును, మోకు తెగే బలంలో 60 శాతం దగ్గర జారేలా పెడతారు. మోకు తెగేకంటే బ్రేకు జారడం నయం కదా. అయితే డ్రమ్ముకు మోకును తిరగేసి చుడితే బ్రేకు పట్టు బాగా తగ్గిపోతుంది. ఎటు చుట్టాలో డ్రమ్ము మీద బాణం గుర్తు వేయించడం బోసన్ పని, వేశాడో లేదో చూడడం చీఫ్ ఆఫీసర్ పని.

పైలట్ ఎక్కే తాళ్ల నిచ్చెన కూడా డెక్కు వాళ్లదే. నీటి నుంచి డెక్కు ఎత్తు 9 మీటర్లు దాటితే, ఓడ మెట్లూ తాళ్ల నిచ్చెనా కలిపి కట్టాలి. నిచ్చెన మెట్లకు రంగు పూయకూడదు, పగులు కనపడదు, పైగా కాలు జారుతుంది. పక్క తాళ్లను ఇనుప షాకిల్‌తో (ఇది గొలుసు కొలత కాదు, తగిలించే ఇనుప కొక్కెం) పట్టి వేలాడదీయడం చాలా ఓడల్లో చేసే తప్పు. బరువు తాళ్ల మీద కాక మెట్ల చెక్కల మీద పడి అవి జారతాయి. వేరే తాడుతో పక్క తాళ్లకు ముడి వేసి డెక్కు మీది కొక్కాలకు కట్టాలి. కళాసీలు కట్టాక ఒక ఆఫీసర్ దగ్గరుండి చూడాలి.

ఒక్క విషయం మాత్రం రాయకుండా ఉండలేను. గొలుసు పెట్టే గది, మూసిన ట్యాంకు, బొగ్గున్న హోల్డుకు, అంటే సరుకు గదికి, దిగే మెట్లదారి, ఇవి చూడ్డానికి ఖాళీ గదులే. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలో ఆక్సిజన్ని తినేయడమే, బొగ్గూ అంతే. మంచి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటరుతో పైన, మధ్యన, అడుగున కొలిచి, చీఫ్ ఆఫీసర్ అనుమతి కాగితం రాశాకే దిగాలి. తలుపు దగ్గర ఒకడు కదలకుండా ఉండాలి. లోపలివాడు పడిపోతే బయటివాడు పరుగున దిగడం మనిషి సహజం, రెండోవాడు, మూడోవాడు పోయేది అలాగే. వాడు ముందు అలారం కొట్టాలి. గాలి సిలిండరు తగిలించుకున్నవాళ్లే దిగాలి.

మీలో ఎవరికైనా ఈ పని మీద మనసుంటే, పదో తరగతి తర్వాత జీపీ రేటింగ్ అనే ఆరు నెలల నావికుల శిక్షణతో కళాసీగా, ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో చదివి డీఎన్ఎస్ అనే ఏడాది నౌకా డిప్లొమా చేస్తే కేడెట్‌గా వెళ్లొచ్చు. కేడెట్ 18 నెలలు సముద్రం మీద పని చేశాక ఆఫీసర్ పరీక్షకు కూర్చుంటాడు. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ణి నమ్మకండి. నావికుడి దగ్గర ఉద్యోగానికి రుసుము తీసుకోకూడదని నియమం ఉంది, మనుషుల్ని ఓడెక్కించే సంస్థకు, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ అనే నియామక లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ జాబితాలో సరిచూసుకోండి.

అన్నిటికంటే ముందు కంటి డాక్టరు దగ్గర రంగుల పరీక్ష చేయించుకోండి. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివిస్తారు, ఐదు నిమిషాల పని. రాత్రి ఎదురొచ్చే ఓడకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. రెండూ ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మన మీదికే వస్తోంది. ఆ రెండు రంగులు తేడా తెలియనివాణ్ణి డెక్కు కాపలాకు తీసుకోరు. ఈ సంగతి ఫీజులన్నీ కట్టాక తెలిసిన పిల్లలు చాలామంది ఉన్నారు, మీరు ముందే తెలుసుకోండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న