ఏకగ్రీవం గురించి మీరడిగిన దానికి

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

"సర్పంచ్ ఏకగ్రీవమైతే గొడవలుండవు, మంచిదేగా తాతయ్యా?" అని ఫోనులో అడిగారు. అది ఫోనులో తేలే ముచ్చట కాదర్రా.

ఊరంతా రచ్చబండ దగ్గర చేరి, నోరు విప్పి మాట్లాడుకుని ఒకరిని ఒప్పుకుంటే అదీ ఏకగ్రీవమే. నలుగురు పెద్దలు రాత్రిపూట ఓ ఇంట్లో కూర్చుని, గుడికి ఎక్కువ ఇస్తానన్నవాడికి పదవి కట్టబెట్టి, నామినేషన్ వేయబోయినవాణ్ణి బుజ్జగించో బెదిరించో ఆపేసినా అదీ ఏకగ్రీవమే. కాగితం మీద రెండూ ఒకటే. అందుకే ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నజరానాలు ప్రకటించడం నాకు నచ్చదు. 2021లో మహారాష్ట్రలోని ఉమ్రాణే, ఖోండామళి గ్రామాల్లో పదవులు వేలం వేసిన సంగతి బయటపడి, రాష్ట్ర ఎన్నికల సంఘం అక్కడి ఎన్నికలనే రద్దు చేసింది.

ఏ రకం ఏకగ్రీవమో తర్వాత గ్రామసభలో తెలిసిపోతుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ ఆ సభలో సభ్యులే. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కది. తెలంగాణ 2018 చట్టమైతే రెండు నెలలకోసారైనా సభ పెట్టాలంది. చాలాచోట్ల సభకు బదులు సంతకాల రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది. సభంటూ జరిగినచోట మహిళా సర్పంచ్ పక్కన భర్త కూర్చుని జవాబులు చెబుతుంటాడు. ఆడవాళ్లకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లివ్వాలని రాజ్యాంగం అంటే మన రెండు రాష్ట్రాలూ సగం ఇచ్చాయి. మైకు మాత్రం ఆయన చేతిలోనే.

వెనక వరసలోంచి ఓ కుర్రాడు లేచి, "మా వీధి మురుగుకాలవకు ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది?" అన్నాడనుకోండి. అసలు చూడాల్సిందక్కడ. కార్యదర్శి లెక్కల పుస్తకం తెరిచి చదివి వినిపించాడా, వచ్చే సభకు మరో ఇద్దరు అడగడానికి వస్తారు. "నువ్వెవరి మనిషివిరా?" అన్నారా, ఇక అంతే. రాత్రికల్లా వాళ్ల నాన్నకు కబురెళ్తుంది, "మీవాణ్ణి కాస్త అదుపులో పెట్టుకో" అని. అప్పట్నుంచి ఊరంతా "మనకెందుకొచ్చిన గొడవ" అంటుంది. పల్లెజనానికి పట్టింపు లేదని పట్నంలో తేలిగ్గా అనేస్తారు. అడిగినవాడికి ఏమైందో వీళ్లు కళ్లారా చూశారు మరి.

ఇంకో తమాషా. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర లాంటివి ఇస్తారు. అయినా ఏ గడప ఏ పార్టీదో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. పార్టీ ఉండటం తప్పని నేననను. పింఛను దరఖాస్తు, పెళ్లిపిలుపు కూడా దాన్నిబట్టే నడిస్తే మాత్రం ఊరు రెండుగా చీలినట్టే.

సెలవులకు వచ్చినప్పుడు సభ ఉంటే వెళ్లండి. మీకు 18 నిండలేదుగానీ, కూర్చుని వింటే ఎవరూ పొమ్మనరు. కిందటి తీర్మానం ఏమైందో చదివించమని పక్కనున్న పెద్దవాళ్లెవరినైనా అడగమనండి. ఎవరి మనుషులని ఎవరైనా అడిగితే వార్డు నంబరు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య