తల్లి ఎముకలో దాగిన సీసం

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టినప్పుడు నేను గౌతమి గట్టునున్న మా పిన్ని ఊళ్లో ఉన్నాను. ఏడో నెల గర్భిణి అయిన మా చెల్లెలిని చీకటి పడకముందే గదిలో పడుకోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. "గ్రహణం మీద పడితే బిడ్డకు మొర్రి వస్తుందంటారు, నిజమేనా అన్నయ్యా?" అని ఆమె భయపడుతూ అడిగింది. గర్భం ఏడో వారానికల్లా బిడ్డ పై పెదవి అతుక్కుంటుందనీ, ఏడో నెలలో దానిని ఏ నీడా విడదీయలేదనీ చెప్పాను. నన్ను నిజంగా కలవరపెట్టినది ఆ పగలు వసారాలో చూసిన పని.

బాబాయి విసురువలకు గుళ్లు వేస్తున్నారు. పాత బ్యాటరీల సీసాన్ని ఇనుప గరిటెలో కరిగించి, అచ్చులో పోసి, చల్లారిన ఒక్కొక్క గుండునూ వల తాడుకు తొడిగి పళ్లతో నొక్కుతున్నారు. చెల్లెలి ఆరేళ్ల కూతురు పక్కనే కూర్చుని రెండు గుళ్లను బుగ్గన పెట్టుకుంది. చెల్లెలు పెరిగింది కూడా ఆ వసారాలోనే.

సీసపు అయానుకు (విద్యుదావేశమున్న పరమాణువుకు), కాల్షియం అయానుకు ఉన్నట్లే, రెండు ధనావేశాలుంటాయి. అందుచేత శరీరం అనేకచోట్ల దీనిని కాల్షియమని భ్రమపడి లోపలికి రానిస్తుంది. మింగిన సీసంలో పెద్దల పేగు సుమారు పదోవంతును గ్రహిస్తే, చిన్నపిల్లల పేగు సగం దాకా గ్రహించగలదు. ఇనుము, కాల్షియం కొరవడిన పిల్లలలో అది ఇంకా పెరుగుతుంది. నెత్తురులోని సీసం నెల, నెలన్నరలో సగానికి తగ్గుతుంది గాని, అందులో కొంత ఎముకలో చేరి దశాబ్దాలు నిలిచిపోతుంది.

మన కాలువలను చూసినవారికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. నీరు తేటగా కనిపిస్తున్నా అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు ఉంటుంది. లాకులెత్తి ఒక్కసారిగా నీరు వదిలితే అది కదిలి పైకి వస్తుంది. గర్భం ఆ లాకులెత్తే సమయం. బిడ్డ అస్థిపంజరానికి కావలసిన సుమారు 30 గ్రాముల కాల్షియంలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. తిండిలో చాలనప్పుడు తల్లి ఎముక కరుగుతుంది, దానితోపాటు ఆమె చిన్ననాటి సీసమూ నెత్తురులోకి దిగి, గర్భంలో బిడ్డను పోషించే మాయను దాటి బిడ్డను చేరుతుంది.

దీనిని 1990లలో ఆస్ట్రేలియాలో బ్రయన్ గల్సన్ బృందం ఎంతో అందంగా రుజువు చేసింది. యురేనియం, థోరియం క్షీణించగా పుట్టిన సీసం-206, 207, 208 ఐసోటోపుల (బరువులో మాత్రమే తేడా ఉన్న సీసపు పరమాణు రకాల) పాళ్లు ఒక్కో గనికి ఒక్కోలా ఉంటాయి గనుక, సీసం ఏ దేశపుదో చెప్పవచ్చు. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన స్త్రీలు గర్భం దాల్చినప్పుడు వారి నెత్తురులో పుట్టిన దేశపు సీసం వాటా మళ్లీ పెరిగింది. ప్రసవించి పాలిచ్చే నెలల్లో ఇంకా హెచ్చింది. వదిలి వచ్చిన ఊరి గాలి, నీరు, తిండి వారి ఎముకలలో ఇంకా ఉన్నాయన్నమాట!

బిడ్డ మెదడులో నాడీకణాల మధ్య అనుబంధాలు కుదరాలంటే నాడీకణాల మీద తలుపుల్లా పనిచేసే ఎన్ఎండీఏ గ్రాహకాల ద్వారా కాల్షియం లోపలికి ప్రవహించాలి. సీసం సరిగ్గా ఆ గ్రాహకాలను అడ్డుకుంటుంది. పిల్లలకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ ఇంతవరకు తేలలేదు.

వేడి చేస్తుందని చెల్లెలు పక్కన పెట్టిన కాల్షియం మాత్రల అట్ట బల్ల మీదే ఉంది. గ్రహణానికి జడిసి కదలకుండా పడుకున్న ఆ పిల్లకు ఈ మాత్రల సంగతి ఎవరూ విడమరచి చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది. కాల్షియం చాలినంత అందితే ఎముక కరగడం తగ్గుతుందని చెప్పగా, మర్నాటి నుంచి వేసుకుంటానంది. మేనకోడలి బుగ్గలోని గుళ్లను పగలే తీయించి, చేతులు సబ్బుతో కడిగించాను. బాబాయి మిగిలిన గుళ్లను పటకారుతో నొక్కారు. గరిటెను, పొయ్యిని మాత్రం వసారా నుంచి ఇంకా తీయలేదు.