పరదేశంలో పిల్లల పెంపకం, తల్లికి తీరిక: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కుటుంబ సలహాదారుగా ఉన్న నాతో, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వెళ్లి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పసిపిల్లలను పెంచుతున్న తల్లులు వీడియో కాల్‌లో మాట్లాడుతుంటారు. వాళ్ల నుంచీ, ఇక్కడున్న వాళ్ల పెద్దల నుంచీ తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: "మేం నలుగురిని పెంచినం బిడ్డా, మాకు తీరిక యాడ దొరికింది?"

వాస్తవం: పెంచిన మాట నిజమే గానీ, ఒంటిచేత్తో పెంచలేదు. బాలింతకు నీళ్లు పోసేందుకు ఒకరుండేవారు. తల్లి పొలానికి పోతే పసివాడు నాయనమ్మ దగ్గరో, పక్కింటి అవ్వ దగ్గరో ఆడుకునేవాడు. ఇంతమంది పంచుకున్న పనిని, తలుపులు మూసి ఉండే అపార్ట్‌మెంటులో, చలికాలం సాయంత్రం అయిదింటికే చీకటి పడే ఊళ్లో ఇప్పుడు ఒక్క మనిషి చేస్తోంది. ఆమె ఒక గంట తనకోసం అడిగితే దాన్ని సోమరితనం అనడం అన్యాయం.

అపోహ: అమ్మమ్మ వెళ్తే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: సందర్శక వీసా మీద అమెరికా వెళ్లినవారికి సాధారణంగా ఒక విడతకు ఆరు నెలల గడువే ఇస్తారు. ఆమె తిరిగొచ్చాక గడిచే మొదటి నెలే తల్లికి అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. అందుకే స్నానం, రాత్రి పాలు, డేకేర్‌కు దింపడం వంటివి అమ్మమ్మ ఉండగానే తండ్రికి అలవాటు కావాలని నేను పట్టుబడతాను.

అపోహ: భర్త ఇంట్లో ఉంటే భార్యకు తీరిక దొరికినట్టే.

వాస్తవం: ఆమె స్నానాల గది తలుపు వేసుకోగానే "డైపర్లు యాడున్నయి, పాలు ఎంత వేడి చెయ్యాలె" అని బయటి నుంచి అడుగుతుంటే అది తీరిక కాదు. వారంలో ఒక పూట ఖాయం చేసుకుని, ఆ పూట పిల్లల బాధ్యతంతా తండ్రికి వదిలి, ఆమె గ్రంథాలయానికో నడకకో ఇల్లు దాటి వెళ్లాలి. నా అనుభవంలో ఇంతకన్నా పనిచేసే ఉపాయం లేదు.

అపోహ: తీరిక కావాలంటే పిల్లల చేతికి ఫోన్ ఇవ్వక తప్పదు.

వాస్తవం: రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, 2 నుంచి 4 ఏళ్లవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పెద్దలతో వీడియో కాల్ సంగతి వేరు. నల్లగొండలో ఉదయం 7 గంటలైతే, వేసవిలో డాలస్‌లో ముందురోజు రాత్రి 8:30. ఆ వేళ తండ్రి పిల్లల పక్కన కూర్చుని నాయనమ్మతో కథ చెప్పించవచ్చు.

అపోహ: అలసట అందరికీ ఉండేదే.

వాస్తవం: ప్రపంచవ్యాప్తంగా కొత్తగా తల్లయినవారిలో దాదాపు 13 శాతం మంది మానసిక సమస్యకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీదికి మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే వైద్యులను కలవాలి. కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించేందుకు వాళ్లు 10 ప్రశ్నల ఎడిన్‌బరో పత్రం ఇస్తే, బిడ్డను తీసుకుపోతారేమోనన్న భయంతో జవాబులు మార్చకండి. మీకు చికిత్స అవసరమో కాదో తెలుసుకోవడానికే ఆ ప్రశ్నలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే తెల్లవారే దాకా ఆగకుండా, అమెరికాలో ఉన్నవారు 988 అనే సహాయ నంబరుకు ఫోన్ చేయండి.