పెట్టె పట్టుకుని నిలబడ్డ పిల్లలు

ఓరుగల్లు చౌరస్తాల్లో నాయకుల విగ్రహాలున్నాయి, కవుల విగ్రహాలున్నాయి. పోరాటాల్లో పోయినవాళ్లకు ఊరూరా స్తూపాలున్నాయి. యుద్ధానికి ఊరొదిలిన పిల్లల గుర్తుగా, వాళ్లను చేరదీసి అన్నం పెట్టినవాళ్ల గుర్తుగా మన తోటల్లో ఒక్క శిల్పం కూడా నాకు కనిపించలేదు. అలాంటివి ఉన్న దేశాల్లోనైనా వెంటనే రాలేదు. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాకే వచ్చాయి.

1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేదాకా హిట్లర్ పాలనలోని ప్రాంతాల నుంచి దాదాపు 10,000 మంది పిల్లలను రైళ్లలో, ఓడల్లో బ్రిటన్ చేర్చారు. వాళ్లలో ఎక్కువమంది యూదులు. మెడలో నంబరు చీటీ, చేతిలో చిన్న పెట్టె. అమ్మానాన్నలు స్టేషన్లోనే ఆగిపోయారు, చాలామంది మళ్లీ కనిపించలేదు. ప్రాగ్ నుంచి 669 మందిని పంపే ఏర్పాట్లు చేసిన నికొలస్ వింటన్ గురించి 1988 దాకా లోకానికి పెద్దగా తెలియదు. అలా బ్రిటన్ చేరిన పిల్లలు తొలిసారి పెద్ద ఎత్తున కలుసుకున్నది 1989లో, యాభై ఏళ్ల తర్వాత. 2006లో లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ ముందు నిలబెట్టిన కంచు పిల్లలను చేసిన శిల్పి ఫ్రాంక్ మైస్లర్ కూడా అలా రైలెక్కి వచ్చినవాడే. ఆయన తల్లిదండ్రులు నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో చనిపోయారు. తాను బయల్దేరిన ఊళ్లోనూ, ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్ స్టేషన్ దగ్గర, 2009లో అలాంటి శిల్పమే పెట్టాడు. ఎత్తయిన దిమ్మె మీద చెయ్యి చాపిన పెద్దమనిషి కాదు, పెట్టెలతో నిలబడ్డ పిల్లలు. నా మనసుకి ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

మన దేశానికి సంబంధించిన గుర్తు పోలండ్ రాజధాని వార్సాలో ఉంది. 1939లో సోవియట్ సేనలు తూర్పు పోలండ్‌ను ఆక్రమించి లక్షల మందిని సైబీరియాకు, మధ్య ఆసియాకు తరలించాయి. 1941లో జర్మనీ సోవియట్ మీద పడ్డాక వాళ్లకు విడుదల దొరికింది. ఆకలితో, జబ్బులతో చిక్కిపోయిన అనాథ పిల్లలను 1942లో మన దేశానికి తెచ్చారు. నవానగర్ రాజు జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో వాళ్లకు క్యాంపు కట్టించాడు. పిల్లలు ఆయన్ని బాపూ అని పిలిచేవారు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో ఇంకో పెద్ద క్యాంపు నడిచింది, అక్కడ దాదాపు 5,000 మంది తలదాచుకున్నారు. యుద్ధం అయిపోయాక పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. సైబీరియా మాట ఎత్తడమే కష్టం, ఇక బాపూ గురించి ఎవరికి చెప్పుకుంటారు? 1989లో ఆ పాలన పోయాకే నోళ్లు తెరుచుకున్నాయి. వార్సాలో ఒక చిన్న తోటకు ‘మంచి మహారాజు’ పేరు పెట్టి, 2014లో అక్కడ స్మారకం నిలిపారు. జామ్‌సాహెబ్ 1966లోనే వెళ్లిపోయాడు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1947-48లో రజాకార్ల దాడులకు భయపడి ఎన్నో కుటుంబాలు పిల్లాజెల్లాతో నిజాం సరిహద్దు దాటాయి. ఉత్తరాన చాందాలో (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) కాంగ్రెస్ క్యాంపు నడిచింది, పీవీ నరసింహారావు అక్కడే పనిచేశారు. పరకాలలో జెండా ఎగరేయబోయి తూటాలకు బలైనవాళ్లకు అమరధామం ఉంది, ఉండాల్సిందే. తల్లి చెయ్యి పట్టుకుని రాత్రికి రాత్రి గోదావరి దాటిన పిల్లల సంగతి మాత్రం ఇళ్లల్లో చెప్పుకునే మాటగానే మిగిలిపోయింది. వాళ్లలో బతికున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి.

ఇంకా దగ్గరి సంగతి ములుగు అడవుల్లో ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో లేచిన సాయుధ దళం సల్వాజుడుం మొదలయ్యాక ఇటు మావోయిస్టులు, అటు జుడుం, పోలీసుల మధ్య నలిగి వేల కుటుంబాలు ఇటు వచ్చేశాయి. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని తేల్చినా, చాలామంది తిరిగి వెళ్లలేదు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు గొత్తికోయ ఆదివాసుల గూడేలు అలా పుట్టినవే. అటవీ భూమిలో ఉన్నారని గుడిసెలు పీకించడం, కుల సర్టిఫికెట్ లేక పిల్లల చదువు ఆగిపోవడం ఈ జిల్లాలో కొత్త వార్తలు కావు. ఆ గూడేల్లో చిన్న బడి నడిపినవాళ్లు, వానాకాలంలో వాగు దాటి మందులు తీసుకెళ్లిన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

అప్పుడు చంకనెత్తుకుని తెచ్చిన పిల్లలకు ఇప్పుడు ఇరవై నిండాయి. కొందరు మిర్చి కోతలకు పోతున్నారు, కొందరు హాస్టళ్లలో ఉండి చదువుకున్నారు. ఏం గుర్తుందని వాళ్లను ఇంకా ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.