నేపాల్‌కు పాస్‌పోర్టు అక్కరలేదు, కానీ ఆధార్ చాలదు

నేపాల్‌కు వెళ్లడానికి మనకు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. ఈ మాట నిజం. 1950 జూలైలో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందంలోనే రాకపోకలకు, నివాసానికి, వ్యాపారానికి పరస్పరం వెసులుబాటు ఇచ్చుకున్నాయి. వీసా కూడా అవసరం లేదు. అయితే ఈ నిజానికి ఎవరో ఒక తోక తగిలించారు: ‘ఆధార్ కార్డు ఉంటే చాలు.’ ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలు ఏర్పాటు చేసే పనిలో ఉన్న నాకు, సీజన్ మొదలైందంటే ఈ మాట వినని రోజు ఉండదు. మా పనిలో జనాన్ని ఎక్కువగా నష్టపరుస్తున్న అపోహ ఇదే. అందుకే మిగతావాటి కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

విమానంలో నేపాల్ వెళ్లే 18 నుంచి 65 ఏళ్ల వాళ్లకు చెల్లేవి రెండే. ఒకటి గడువున్న పాస్‌పోర్టు, రెండోది భారత ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. పాన్ కార్డు చెల్లదు, డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు, ఆధార్ చెల్లదు. ‘ప్రభుత్వం ఇచ్చిన కార్డే కదా!’ అని చాలామంది కోపగించుకుంటారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆధార్‌ను పౌరులకే కాదు, దేశంలో నివసించేవారికి ఇస్తారు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయుడు కూడా దాన్ని తీసుకోవచ్చు. అది పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టమే చెబుతోంది. నేపాల్ వెసులుబాటేమో భారత పౌరులకు మాత్రమే. ఓటు హక్కు పౌరులకే ఉంటుంది కాబట్టి ఓటరు కార్డు చెల్లుతుంది. ఇందులో ఉన్న తర్కం ఇంతే.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? రెండు చోట్ల. గోరఖ్‌పూర్ వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి బస్సులో సునౌలీ దగ్గర సరిహద్దు దాటినవాళ్లను చాలాసార్లు ఎవరూ ఆపరు. ఆపినా ఏదో ఒక గుర్తింపు కార్డు చూసి పంపేస్తారు. వాళ్లు ఊరికి తిరిగొచ్చి, ‘మేం ఆధార్‌తోనే వెళ్లొచ్చాం’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ విమానాశ్రయంలో పరిస్థితి వేరు. అక్కడ ముందుగా విమాన సంస్థ సిబ్బంది, ఆ తర్వాత ఇమిగ్రేషన్ అధికారులు చూస్తారు. రోడ్డు మీద చూసీచూడనట్టు వదిలేసినదాన్ని కౌంటర్ దగ్గర వదలరు. కొందరు వెళ్లేటప్పుడు బస్సులో ఆధార్‌తో వెళ్లి, తిరుగు ప్రయాణానికి కాఠ్‌మాండూ నుంచి విమానం టికెట్ కొంటారు. వాళ్లకు ఈ సంగతి పరాయి దేశంలో తెలుస్తుంది.

రెండోది, 65 ఏళ్లు దాటినవారికి, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్న మినహాయింపు. వయసూ గుర్తింపూ తెలిపే ఫొటో కార్డు ఏదైనా వీరికి సరిపోతుంది. అందులో ఆధార్ కూడా చెల్లుతుందని 2019లో కేంద్ర హోం శాఖ స్పష్టం చేసింది. ఆ వార్తలో ‘ఆధార్ చెల్లుతుంది’ అన్న రెండు మాటలే వాట్సాప్‌లో మిగిలాయి, వయసు గురించి చెప్పిన సగం రాలిపోయింది. పంపేవాళ్లు ఆ సందేశాన్ని పూర్తిగా చదివి పంపి ఉంటే ఎంతమంది డబ్బు మిగిలేదో!

ఆమధ్య ఇద్దరు అక్కాచెల్లెళ్లు మా బృందంలో చేరకుండా, సొంతంగా టికెట్లు కొనుక్కుని కాఠ్‌మాండూలో కలుస్తామన్నారు. అక్కకు 67, చెల్లెలికి 62. విమానాశ్రయంలో అక్క ఆధార్ చూసి బోర్డింగ్ పాస్ ఇచ్చారు, చెల్లెల్ని ఆపేశారు. ఆవిడ నాకు ఫోన్ చేసి, “నేనూ సీనియర్ సిటిజన్‌నే కదా బాబూ, బ్యాంకులో కూడా ఒప్పుకున్నారు” అని ఏడుస్తూ అడిగారు. బ్యాంకుల లెక్కలో ఆ వయసు 60. ఈ ప్రయాణంలో మాత్రం 65. ఆవిడకు ఓటరు కార్డు లేక కాదు, ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. చెల్లెల్ని వదిలి వెళ్లనని అక్క కూడా ఆగిపోయారు. మేనల్లుడు కార్డు తెచ్చిచ్చాక కొత్త టికెట్లు కొనుక్కుని, పోఖరాలో మమ్మల్ని కలుసుకున్నారు. ఇద్దరూ పింఛను డబ్బులో నెలనెలా దాచుకుని వచ్చినవాళ్లు. రెండోసారి కొన్న టికెట్ల ఖర్చు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఓటరు కార్డు ఉన్నవాళ్లు కూడా దాన్ని ఒకసారి బయటికి తీసి చూసుకోండి. మన పేర్లతో పెద్ద చిక్కు. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరోదానిలో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒకదానిలో పుట్టింటి పేరు, మరోదానిలో అత్తింటి పేరు. టికెట్‌ను ఆధార్ చూసి కొని, విమానాశ్రయంలో ఓటరు కార్డు చూపిస్తే ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. ఏ కార్డు చూపించబోతున్నారో ఆ కార్డులోని పేరుతోనే టికెట్ తీసుకోండి. తప్పుంటే ఎన్నికల సంఘం వారి ఫారం 8తో సరిచేయించుకోవచ్చు, పోయిన కార్డుకు బదులు కొత్తది కూడా అదే ఫారంతో వస్తుంది. కానీ ప్రయాణానికి వారం ముందు మొదలుపెట్టే పని కాదు. చేతిలో అసలు కార్డే ఉండాలి. ఫోన్‌లో ఫొటో, ఎన్నికలప్పుడు పంచే ఓటరు చీటీ పనికిరావు.

పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల సంగతి తల్లిదండ్రులకు గుర్తుండదు. వాళ్లకు ఓటూ ఉండదు, చిన్నపిల్లల మినహాయింపూ వర్తించదు. వాళ్లు చదివే బడి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చిన గుర్తింపు పత్రం కావాలి. సెలవులకు బడి మూసేయకముందే తీసుకోండి. పాస్‌పోర్టు ఉంటే ఈ గొడవే లేదు.

అమెరికా నుంచి వచ్చిన మనవల్ని వెంట తీసుకెళ్లాలనుకునే తాతయ్యలు, అమ్మమ్మలు ఒక మాట వినండి. విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చే ఓసీఐ కార్డు భారత పౌరసత్వం కాదు. ఆ పిల్లలు నేపాల్ వెళ్లాలంటే అమెరికా పాస్‌పోర్టు, నేపాల్ వీసా రెండూ ఉండాలి.

‘కైలాస మానస సరోవరానికి నేపాల్ మీదుగానే కదా, పాస్‌పోర్టు ఎందుకు?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. కైలాసం టిబెట్‌లో, అంటే చైనా అధీనంలో ఉంది. ఏ దారిన వెళ్లినా పాస్‌పోర్టు, చైనా అనుమతి తప్పవు.

భూటాన్‌కు కూడా పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డుతో వెళ్లవచ్చు. పాస్‌పోర్టు అయితే కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఇక్కడ రోడ్డు మీద కూడా సడలింపు ఉండదు. మన సరిహద్దు ఊరు జైగావ్ దాటి, భూటాన్ వైపున్న ఫుంట్‌షోలింగ్‌లో ప్రవేశ అనుమతి తీసుకోవాలి, ఆధార్ ఒక్కటే చూపిస్తే ఇవ్వరు. పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే జనన ధ్రువపత్రం కావాలి. వీసా లేదు కదా అని ఖర్చూ ఉండదనుకోకండి. 2022 సెప్టెంబరులో సరిహద్దులు తిరిగి తెరిచినప్పటి నుంచి భారతీయ పర్యాటకులు కూడా ఒక్కొక్కరు రాత్రికి 1200 రూపాయల రుసుము కట్టాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం.

శ్రీలంకకు, బంగ్లాదేశ్‌కు పాస్‌పోర్టు లేకుండా దారి లేదు. పాకిస్తాన్‌లోని సిక్కుల గురుద్వారాకు వెళ్లే కర్తార్‌పూర్ కారిడార్‌కు 2019 ఒప్పందం ప్రకారం వీసా అక్కరలేదు కానీ పాస్‌పోర్టు ఉండాలి; 2025 మేలో మన ప్రభుత్వం ఆ దారిని మూసేసింది. మయన్మార్ సరిహద్దులో ఉన్న రాకపోకల వెసులుబాటు అక్కడి గ్రామాల వాళ్ల కోసం, పర్యాటకుల కోసం కాదు.

కాఠ్‌మాండూ మీదుగా గల్ఫ్‌కు సులువుగా పంపిస్తామని చెప్పే దళారులు ఉన్నారు. నేపాల్ నుంచి మూడో దేశానికి ఎగరాలంటే పాస్‌పోర్టు, ఆ దేశపు వీసా ఉండాలి. గల్ఫ్ దేశాలకైతే కాఠ్‌మాండూలోని మన రాయబార కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కూడా అడుగుతారు. అప్పు చేసి ఇలాంటి వాళ్ల చేతిలో డబ్బు పెట్టకండి, దయచేసి.

యాత్ర మధ్యలో కార్డు పోతే? ఈ భయంతో నిద్రపట్టని పెద్దవాళ్లను చూశాను. కంగారు పడకండి. ముందు స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేసి దాని నకలు తీసుకోండి. తర్వాత కాఠ్‌మాండూలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే, మీరు భారతీయులేనని నిర్ధారించుకుని, ఇంటికి తిరిగి రావడానికి ఒక్క ప్రయాణానికి చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అప్పుడు మీ దగ్గర కార్డుల జిరాక్సులు, రెండు మూడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉంటే పని త్వరగా అవుతుంది. వాటిని అసలు కార్డులున్న సంచిలో కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా ఒక నకలు ఇచ్చి బయలుదేరండి.